చర్మదృష్టి

తెలుగున నొకని నతినీచముగా దూషింపవలెనన్న మనవారు వానిని గజ్జికుక్క యందురు. కుక్క యనుటతో తనివి తీఱదు. దానికి గజ్జిని గూడ తగిలింపవలెను. ఈ తిట్టునందు విచారింపవలసిన విషయ మొకటి కలదు. దొంగ యనుట, అబద్ధీకు డనుట, కృతఘ్ను డనుట, ఇవి యన్నియు మనుష్యులు తాము చేసిన పనులకై తెచ్చుకొను పేళ్లు. గజ్జికుక్క యన్నప్పుడు ఆ జంతువు చేసిన పని యేమియు లేదు. దాని కొక రోగము వచ్చినది, అంతియే. రోగమును నేరముగా నెంచి రోగిని తఱిమి కొట్టు మని యే ధర్మశాస్త్రము చెప్పినది? అయినను మన వీథులలో ప్రతిదినమును జరుగుచున్న దిదియే. వెండ్రుకలు రాలి, చర్మము మందమై, చెవుల యంచులు పొక్కులు కట్టి, నిలిచినచోట నిలువలేక గోకికొనుచు తిరుగు కుక్కను చూచినతోడనే మన చేయి రాతికొఱకు వెదకును. ఆ చేతిని కదల్చునది భయమా, వివేకమా, లేక వట్టి జుగుప్సయా? జుగుప్స ధర్మమునకు ప్రమాణము కాదగునా? ఈ ప్రశ్నను చదువరులతో గూడ విచారింప దలచితిమి.

అష్టావక్రుని గూర్చి లోకమున నొక కథ వాడుకలో నున్నది. ఎనిమిది వంకరలు గల యా బాలుడు జనకుని సభలో ప్రవేశింపగా పండితు లందఱును నవ్విరట. అతడును నవ్వి, తాను పండితులసభ కని వచ్చితే చర్మకారులసభ కనబడినదని పలికెనట. వారు చర్మమును జూచి మనుష్యునికి విలువ కట్టిరి గనుక. కథలోని నీతి మంచిదే. కాని యం దొక యన్యాయము కూడ నున్నది. చర్మకారుడు చర్మము నెఱిగినవాడు. ఎచ్చట బిగువు కలదో, ఎచ్చట చివికినదో, ఏ నీటిలో నెన్నినాళ్లు నానవలెనో చేతితో తడవి చెప్పగలడు. జనకునిసభలో నవ్విన పండితులకు ఆత్మజ్ఞానమే కాదు, చర్మజ్ఞానమును లేదు. చర్మమునుబట్టి తీర్పు చెప్పుచు చర్మమును గూర్చి యేమియు నెఱుగకుండుట, దీనినే మేము చర్మదృష్టి యనుచున్నాము. కుక్కల విషయమున మన మందఱమును ఆ సభాసదులమే. కావున మున్ముందు చర్మకారుని కడ శిష్యరికము చేసి, పిమ్మట ధర్మమును గూర్చి మాటాడుదము.

కుక్కచర్మము మన చర్మము వంటిది కాదు. మన పైపొరయందు పదికి మించిన కణముల వరుస లుండగా, కుక్కకు మూడు మొదలు ఐదు వరకే యుండును. దానికి కవచము వెండ్రుకలే. మన చర్మ మించుక యామ్లగుణము కలది. కుక్కచర్మ మంత యామ్లము కాదు. అందుచేత మన యొంటికి రాచుకొను సబ్బు దానికి పనికిరాదు. వెండ్రుకలు ఋతువునుబట్టి కొన్ని రాలి కొన్ని మొలచుట సహజము. ఒక్కచోట బోడియగుట, ఎఱ్ఱబడుట, చెడువాసన వచ్చుట, నిద్రలో సైతము లేచి గోకికొనుట, పాదములను విడువక నాకికొనుట, ఇవి సహజములు కావు. ఇవి నోరులేని జీవము చెప్పుకొను మాటలు.

ఆ మాటల కర్థము మాత్ర మొక్కటి కాదు. మనము గజ్జి యని యొకే పేరు పెట్టి త్రోసివేయు దానియందు పెక్కు రోగము లిమిడి యున్నవి. సార్కాప్టిస్ అను ఎనిమిదికాళ్ల పురుగు, మిల్లీమీటరులో సగమైన లేనిది, చర్మమున సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. మూడు వారములలో క్రొత్తతరము సిద్ధమగును. చెవుల యంచులు, మోచేతులు, పొట్ట మొదట చెడును. దురద యింతింత యనరానిది. డెమొడెక్స్ అను మఱియొక పురుగు ఆరోగ్యవంతములైన కుక్కల వెండ్రుకల కుదుళ్లలోను కొద్దిగా నుండును. తల్లి పాలు కుడుచు తొలిదినములలోనే పిల్ల కది సంక్రమించును. దేహబలము తఱిగినప్పుడే యది రోగమై బయటపడును. ఇది మనుష్యుల కంటదు. తామర పురుగువలన వచ్చునది కాదు, బూజుజాతివలన వచ్చునది, మనుష్యుల కంటును. వెండ్రుకల నడుమ పరుగెత్తి దుముకు చిన్నపురుగులు కఱచినపుడు వాని లాలాజలము పడక కొన్ని కుక్కలకు తోకమొదట పుండ్లు పడును. పిడుదులు రక్తము త్రాగుటయే కాక రక్తమున జ్వరములను నింపును. ఆహారదోషముచేత కొన్ని, గ్రంథిస్రావముల లోపముచేత కొన్ని, గాలిలోని రేణువులు సరిపడక కొన్ని వచ్చుచుండును. ఇన్ని వ్యాధులకు మన మొక తిట్టును మాత్రమే సిద్ధముగా నుంచుకొంటిమి.

ఈ యజ్ఞానము కుక్కలయెడనే కాదు, మనుష్యులయెడను చిరకాల ముండెను. మనుష్యుని గజ్జి రక్తదోషమువలన పుట్టునని వైద్యులు, పాపఫలమని సామాన్యులు నమ్మిన కాలము కలదు. 1687వ సంవత్సరమున ఇటలీదేశమున బొనోమో అను వైద్యుడును, చెస్తోని అను మందుల వర్తకుడును సూక్ష్మదర్శినితో నా పురుగును చూచి, దాని రూపము చిత్రించి, గజ్జికి కారణ మిదియే యని రేడీ యను ప్రకృతిశాస్త్రజ్ఞునికి లేఖ వ్రాసిరి. పెద్దలు దానిని లెక్కచేయలేదు. 1834లో పారిసునగరపు సేం లూయీ వైద్యశాలలో రెనూచ్చి యను విద్యార్థి సూదిమొనతో ఆ పురుగును రోగి చర్మమునుండి తీసి యందఱకును చూపెను. ఆ నేర్పు అతనికి గ్రంథములలో దొరకినది కాదు. అతని జన్మస్థలమైన కోర్సికాద్వీపమున పేదస్త్రీలు తమ బిడ్డలకు చేయుచుండిన పనియే యది. నూటనలువదియేడేండ్లు పండితులు కాదనుచుండిన సత్యము తల్లుల చేతివ్రేళ్లయం దుండెను. వారు రోగమును చూచి మొగము త్రిప్పుకొనలేదు. దగ్గఱకు తీసికొని చూచిరి. ప్రేమతో చూచినవారికే కారణము కనబడినది.

కారణము తెలిసిన పిమ్మట మందు తెలియుటకు కాలము పట్టినను, తెలిసినది. జపానుదేశమున సతోషి ఓమురా యను శాస్త్రజ్ఞుడు మట్టినుండి వేఱుచేసిన యొక సూక్ష్మజీవినుండి అమెరికాలో విలియం కాంప్‌బెల్ మొదలగువారు ఐవర్‌మెక్టిన్ అను మందునకు మూలమైన పదార్థమును తీసిరి. 1981లో నది పశువుల మందుగా బజారున కెక్కినది. అటుపిమ్మట మనుష్యులకును పనికివచ్చునని తేలి, 1987 మొదలు ఆఫ్రికాఖండమున నదీతీరముల ప్రజలను గ్రుడ్డివారిని చేయు క్రిమిరోగమునకు ఉచితముగా పంచబడినది. 2015 నోబెల్ వైద్యబహుమానమున నీ యిరువురకును భాగము లభించెను. కుక్కకు గజ్జిమందు దేనికి, మనుష్యులకే లేనప్పుడు, అని ప్రశ్నించువా రీ చరిత్రమును చిత్తగింతురు గాక! పశువులకై తీసిన మందు లక్షలకొలది మనుష్యుల కన్నులను కాపాడినది. జీవుల చర్మములు వేఱైనను రోగముల లెక్క యొక్క పుస్తకముననే యున్నది.

ఇక మన గృహవైద్యము సంగతి. దయగలవారు సైతము తెలియక చేయు హింస చిన్నది కాదు. కిరసనాయిలు పోయుట, మోటారుబండ్లలో వాడి పాఱబోసిన నూనె పూయుట, ఫినాయిలుతో కడుగుట మన యూళ్లలో నేటికిని కలవు. కుక్క తన యొడలు తాను నాకికొను జీవము. పూసినదెల్ల లోపలికి పోవును. గజ్జి చావకముందే కుక్క చచ్చును. ఐవర్‌మెక్టినే యైనను కాలీ మొదలగు కొన్ని జాతులకు వంశపారంపర్యమైన యొక లోపమువలన విషమగును. కుక్కలకై చేసిన పెర్‌మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము. కాబట్టి పశువైద్యుడు చర్మమును గీచి సూక్ష్మదర్శినితో చూచి, ఏ పురుగో నిర్ణయించి, బరువునుబట్టి మోతాదు చెప్పవలెను. ఇప్పుడు నోటిద్వారా యిచ్చు బిళ్లలు వచ్చినవి. ఫ్లూరాలనర్ అనుదానిని ఒక్కమారు తినిపించిన పిడుదులనుండి యించుమించు మూడునెలలు కాపాడును. గజ్జిపురుగులకును వైద్యులు దీనిని వాడుచున్నారు. మూర్ఛరోగము గల కుక్కల కీ జాతిమందు లిచ్చుటకు ముందు వైద్యుని తప్పక యడుగవలెను. దయ యనునది హృదయమున పుట్టినను, తెలివి చేత పట్టుకొని నడచిననే గమ్యము చేరును. తెలివిలేని దయ కిరసనాయిలు డబ్బా పట్టుకొని తిరుగుచుండును.

మేము పనిచేయు పాఠశాల ద్వారముకడ కొన్నియేండ్ల క్రిందట నిట్టి కుక్క యొకటి చేరినది. ఏ రంగో చెప్పరాకుండ బోడియై యుండెను. ఎదుటియింటి యిల్లాలు అది మెట్టెక్కినప్పుడెల్ల నీళ్లు క్రుమ్మరించి తఱుముచుండెడిది. బాలురు గుఱి నేర్చుకొనుట కా కుక్కనే యెంచుకొనిరి. ఎనిమిదవ తరగతి పిల్లవా డొకడు, "దీనికి మందు లేదా, అయ్యగారూ?" అని మమ్మడిగెను. మందు కలదని చెప్పిన పిమ్మట ఊరకుండుటకు మాకు హక్కు లేకపోయెను. పశువైద్యశాలనుండి వైద్యుడు వచ్చి చూచి బిళ్ల వ్రాసియిచ్చెను. బాలు రణాలు పోగుచేసిరి. పాఠశాల నౌకరు పెరుగన్నపుముద్దలో బిళ్ల నుంచి దూరముగా పెట్టెను. అది వచ్చి తిని పోయెను. ఎవ్వరును దానిని ముట్టవలసిన పని లేకపోయెను. నెలకు మరల వైద్యుడు చెప్పిన ప్రకార మింకొక బిళ్ల. రెండుమూడు నెలలలో గోధుమరంగు వెండ్రుకలు దట్టముగా మొలచి, చెవులు నిలువబడి, చూడముచ్చటైన జంతువయ్యెను. అప్పు డా యెదుటియింటి యిల్లాలే దానికి రాజు అని పేరుపెట్టి, మిగిలిన యన్నము పెట్టసాగెను.

మే మా యిల్లాలిని నిందించుటకు దీనిని చెప్పుటలేదు. ఆమె దయలేనిది కాదు. ఉన్నదని పిదప నామెయే చూపినది. విచారింపవలసిన దేమన, ఆ మూడునెలలలో మాఱిన దేమి? కుక్క మాఱలేదు. దాని గుణము మాఱలేదు, ఆకలి మాఱలేదు. చర్మ మొక్కటియే మాఱినది. కుక్కకు దయ యక్కఱలేనప్పుడు దయ వచ్చినది. అక్కఱ గలిగినప్పుడు చన్నీళ్లు వచ్చినవి. దయ యవసరమును చూడక యందమును చూచెనేని, దానిని దయ యనుటకంటె రుచి యనుట మేలు. మనకు మామిడిపండునందు రుచి యున్నట్లే నున్నని వెండ్రుకలు గల కుక్కయందును రుచి యున్నది. రుచికి ధర్మమని పేరు పెట్టుకొనుట మాత్రము తగదు.

ఈ రుచి మఱియొక రూపమున ధనికుల యిండ్లలో తాండవించుచున్నది. మంచుదేశపు హస్కీకుక్కకు రెండుపొరల వెండ్రుక లుండును. దానిని తెచ్చి హైదరాబాదులోను విజయవాడలోను శీతలయంత్రము గల గదులలో నుంచి, ఛాయాచిత్రములు తీసి చుట్టములకు పంపుదురు. దానికి ఎండ పడదు. ఆ జాతికి జింకుధాతువు లోపమువలన కన్నులచుట్టును మూతిచుట్టును చర్మము పెచ్చులు కట్టు రోగ మొకటి ప్రసిద్ధము. పగ్గుకుక్క మొగముపై ముడుతలు ముద్దుగా నుండునని కొందురు. ఆ ముడుతలలో తడి చేరి చర్మము పాసిపోవును. చీనాదేశపు షార్‌పేకు ఒడలెల్ల ముడుతలే. ఆ ముడుతలను మిక్కుటము చేసిన జన్యువిశేషమే వాని నడుమనడుమ వేధించు జ్వరమునకును సంబంధించినదని 2011లో పరిశోధకులు కనుగొనిరి. అనగా మన కంటికింపైన చర్మమును కోరి తరతరములుగా పెంచి, ఆ యింపుతోబాటు రోగమునుగూడ పుట్టువుననే ప్రసాదించితిమి. వెండ్రుకలు రాలి వాసన కొట్టుటతోడనే, వేలు పోసి కొన్నవారే బండి యెక్కించి యూరిబయట విడిచి వచ్చుటయు కలదు. గజ్జికుక్కపై ఱాయి విసరువాడును, జాతికుక్కను కొని విడుచువాడును ఒకే బడిలో చదివినవారు. ఒకడు చర్మమును ద్వేషించును, ఒకడు చర్మమును ప్రేమించును. చర్మములోని ప్రాణి నిరువురును చూడలేదు.

ఇచ్చట సంఘసంస్కారమునం దభిమానము గల చదువరులకు మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చి యుండవచ్చును. మన ప్రాచీనభాషలో శ్వపచుడను మాట కలదు. కుక్కమాంసము వండుకొనువాడని యర్థము. ఆ మాటతో మనుష్యుల సమూహములనే యూరివెలుపల నుంచితిమి. గీతయందు విద్యావినయములు గల బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, కుక్కయందును, శ్వపచునియందును పండితులు సమముగా చూతురని చెప్పబడినది. శ్లోకమును వల్లించినవారు లక్షలు. వారి యూళ్లలోనే వాడలు వేఱుగా నుండెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమునందు పదునేడవ యధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. మనుష్యునికి జరిగిన యన్యాయమును కుక్కకు జరుగుదానితో సమానము చేయుట మా యుద్దేశము కాదు. అట్లు చేయుట మఱియొక యవమానము. మేము చెప్పునది జుగుప్సను గూర్చి. "నాకు రోత పుట్టుచున్నది గనుక వాడు దూరముగా నుండవలెను" అను తర్కమే నాడు శాస్త్రవేషము ధరించెను. రోత పుట్టుట చూచువాని మనస్సులోని సంగతి. అది యెదుటివాని దోషమునకు సాక్ష్యము కాదు. ఈ సత్యమును చిన్న విషయములం దభ్యసింపనివాడు పెద్దవిషయములందు తప్పక మఱచును. ఇంటిముందరి కుక్కయెడ పిల్లలకు మనము నేర్పునది కుక్కతో నాగదు.

కొందఱు చేయు నాక్షేపణలకు సమాధానము చెప్పవలెను. గజ్జికుక్క ప్రమాదకరము గదా యందురు. గజ్జి వేఱు, పిచ్చి వేఱు. బోడియైనంతమాత్రమున పిచ్చికుక్క కాదు. నిగనిగలాడు కుక్కకును పిచ్చి పట్టవచ్చును. నోట చొంగ కార్చుచు, దవడ వ్రేలవైచి, తూలుచు, కారణము లేక కఱవవచ్చు కుక్కకు దూరముగా నుండి అధికారులకు తెలుపవలెను. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి వెంటనే టీకాలకు పోవలెను. కుక్కగజ్జి మనుష్యుల కంటి కొన్నినాళ్లు దురద పెట్టుటయు నిజమే. అందుచేతనే చేతితొడుగులు, అందుచేతనే బిళ్లలు. వివేకము దూరముగా నుండి మందు పెట్టుమనును. జుగుప్స దూరముగా నుండి ఱాయి వేయుమనును. దూర మిరువురకును సమానమే, చేతిలోని వస్తువే వేఱు.

మనుష్యులకే దిక్కులేని దేశమున కుక్కల మాట యేల యని వేఱొకరు. బిడ్డకో కుక్కకో యొకరికే సరిపడు సొమ్మున్నచోట బిడ్డకే యియ్యవలెనని మేమును సందేహింపక చెప్పుదుము. కాని ఱాయి వేయకుండుటకు పైసా ఖర్చు లేదు. కొన్న కుక్కను వీథిపాలు చేయకుండుట బిడ్డనోటి ముద్దను తీయుట కాదు. వీథికుక్క గజ్జి మానుట ఆ వీథిలో నాడు పేదబిడ్డల చర్మమునకును మేలే.

కావున మా మనవి యిది. మొదట, కొట్టకుండుట. రెండవది, కనబడినదానిని పశువైద్యశాలకుగాని, పురపాలకసంఘమునకుగాని, జంతురక్షణ సంఘమునకుగాని తెలియజేయుట. 2023 నాటి నియమములప్రకారము వీథికుక్కలకు సంతాననిరోధమును పిచ్చిటీకాయు చేయించు భారము స్థానికసంస్థలదే. మూడవది, పెంచువారు చర్మమును కాక ప్రాణిని చేరదీసితిమని తెలిసికొనుట. ఆకలిదప్పులపాలగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి చట్టముననుసరించి నేరము. నాలుగవది, బిడ్డలకు గజ్జికుక్క యను తిట్టు నేర్పకుండుట.

భారతకథ యందు కుక్క తుదిని మాత్రమే కాదు, మొదటను వచ్చును. జనమేజయుని సత్రయాగమున నేమియు ముట్టని సరమకుమారుని రాజసోదరులు కొట్టిరి. తల్లి వచ్చి, నేరము చేయనివాని నేల కొట్టితిరని యడిగెను. వారికి సమాధానము లేకపోయెను. తుదిని స్వర్గద్వారముకడ ఇంద్రుడు ధర్మరాజుతో కుక్కగలవారికి స్వర్గమున చోటు లేదని, కుక్కచూపు సోకిన యజ్ఞఫలము చెడునని శౌచమును బోధించెను. వెంట వచ్చినదానిని విడువనని ధర్మరాజు నిలిచెను. ఆ కుక్క వెండ్రుకలు నిగనిగలాడుచుండెనో, మంచుదారిలో రాలిపోయి యుండెనో వ్యాసుడు చెప్పలేదు. ధర్మరాజునకు ఆ ప్రశ్నయే తోచలేదు.